కొత్తిమీర పడుగు

నా భార్య సూరత్‌కు రావడానికి ఒకే ఒక షరతు పెట్టింది. బంగారం అడగలేదు, టీవీ అడగలేదు. "నేను పొయ్యి కాడ నిలవడితే నాలుగడుగుల్ల కొత్తిమీర, పుదీన నా చేతికి అందాలె. లేకుంటె నేను రాను" అంది ఫోన్లో.

ఆమె వంట చూడనివాళ్లకు ఈ షరతు అర్థం కాదు. నూనె పోస్తుంది, ఆవాలు వేస్తుంది. అవి చిటపటమంటున్నప్పుడు లోకంలో ఆడవాళ్లంతా గరిటె పట్టుకుని హడావుడి పడతారు కదా, ఈమె సరిగ్గా అప్పుడే తాపీగా పెరట్లోకి నడుస్తుంది. దారిలో కోడిని అదిలిస్తుంది. పక్కింటావిడ పలకరిస్తే జవాబు చెబుతుంది. కొత్తిమీర నాలుగు కాడలు గిల్లుకుని వచ్చి తాలింపులో వేస్తుంది. ఒక్కసారి కూడా మాడింది లేదు. పెళ్లయిన కొత్తలో నేనొకసారి కంగారుపడి పొయ్యి ఆర్పేశాను. ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

మా పెళ్లయి అప్పటికి ఏడాది దాటింది. నేను సూరత్‌లో మగ్గాల మీద, ఆమె ఊళ్లో బీడీలు చుడుతూ. ఆమె లేకుండా నాకు ఉండబుద్ధి కావడం లేదు. కానీ ఆ మాట పైకి చెప్పుకోవడానికి సిగ్గు. అందుకని మెస్సు తిండి బాగాలేదని, కడుపులో మంట అని, పప్పులో నీళ్లెక్కువని అందరికీ చెప్పుకునేవాణ్ణి. పప్పులో నీళ్లెక్కువన్నది మాత్రం నిజమే.

చివరకు ఒక ఒప్పందానికి వచ్చాం. ఆమె ఎనిమిది రోజుల కోసం వస్తుంది. నచ్చితే ఉంటుంది, నచ్చకపోతే తోడుగా వచ్చిన తమ్ముడితోనే తిరుగు రైలెక్కుతుంది. తిరుగు టికెట్ కూడా బామ్మర్ది ముందే తీసి పెట్టుకున్నాడు. నా మీద అతనికి ఉన్న నమ్మకం అంతటిది.

చేతిలో నెల పైచిలుకు ఉంది. సూరత్ శివారు వడోద్‌లో మేం ఆరుగురం ఉండే గది వరసలోనే, చివర ఒక చిన్న గది ఖాళీ అయితే తీసుకున్నాను. ఒక తలుపు, ఒక కిటికీ, కిటికీకి ఇనుప గ్రిల్లు, ఎదురు గోడకు పొయ్యి గట్టు. కుండీలు బయట వరండాలో పెడదామంటే కుదరదు. పాండేసరా మిల్లుల పొగ మా వైపే తిరుగుతుంది. పొద్దున ఆరేసిన బనీను సాయంత్రానికి బూడిద రంగులోకి వస్తుంది. ఆ మసి పడ్డ కొత్తిమీర పప్పులో వేస్తే పప్పు కాదు, కాటుక అవుతుంది. కాబట్టి తోట ఏదైనా గదిలోపలే.

ఈ సంగతి మా పాత గదిలో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆ గదిలో పెద్దవాడు కాకా. ముప్పై ఏళ్లుగా సూరత్ మగ్గాల మీద ఉన్నవాడు, చూపు కాస్త తగ్గినా తెగిన పోగును మాత్రం గది అవతల నుంచి పసిగడతాడు. ఇంకొకడు నా దోస్తు. మా ఊరివాడే, నైట్ డ్యూటీ చేసేవాడు. ఏ పనైనా ముందు చేసేసి తర్వాత ఆలోచించే రకం. మిగతావాళ్లంతా వీళ్లిద్దరూ ఏమంటే అదే.

"బిడ్డ వస్తె ఆదివారం ఆదివారం మనకింత కూర పెట్టదా?" అన్నాడు కాకా.

అంతే, నా కాపురం ఆ గదివాళ్లందరి పని అయిపోయింది. ఆ మెస్సు పప్పు అంత పని చేయించింది.

ముందుగా మట్టి. ఆదివారం అందరం డుమస్ వెళ్లాం, భజియాలు తిన్నాం, సముద్రం చూశాం. తిరిగొచ్చేటప్పుడు దోస్తు భుజాన ఒక బరువైన సంచి ఉంది. గదికి వచ్చి విప్పితే నల్లటి ఇసుక.

"మన దిక్కు నల్లరేగడి లెక్కనే ఉంది సూడు. గిసొంటి మట్టి సూరత్‌ల ఎక్కడ దొరకదు" అన్నాడు వాడు గర్వంగా.

కాకా చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు. కాసేపు కళ్లు మూసుకున్నాడు. "ఉప్పు సరిపోయింది. ఇగ కారం వేస్తె అయిపోతది" అన్నాడు.

అసలు మట్టి చివరికి నర్సరీలో కొనుక్కొచ్చాను. నూనె డబ్బాలు కోసి కుండీలు చేశాం. ఒక ఐస్‌క్రీం డబ్బా, అంచు విరిగిన ఒక పాత కుండ కూడా పెట్టాం. ఇసుక పారేయడానికి దోస్తు ఒప్పుకోలేదు. కుండలో పోసి మూలన పెట్టాడు, ఎప్పుడైనా పనికొస్తుందని.

తర్వాత గింజలు. ధనియాలు తెచ్చే బాధ్యత కాకా తీసుకున్నాడు. మసాలా దుకాణంలో మూడు రకాలు వాసన చూసి, అన్నింటికంటే ఘుమఘుమలాడేవి తెచ్చాడు. మేం కూడా వాసన చూసి మెచ్చుకున్నాం. గింజకే ఇంత వాసనుంటే ఆకుకు ఎంతుంటుందో అని దోస్తు లొట్టలేశాడు. చాలా శ్రద్ధగా విత్తాం. కాకా దండం కూడా పెట్టాడు.

వారం గడిచింది. ఏమీ రాలేదు. పదో రోజూ రాలేదు. రోజూ డ్యూటీ నుంచి వచ్చి ఆ డబ్బాల ముందు గొంతుక్కూర్చుని మట్టిని చూడడమే మా పని అయింది. కింది అంతస్తులో ఉండే ఇంటామె, మేం మాసీ అని పిలిచే గుజరాతీ పెద్దావిడ, అద్దె వసూలుకు వచ్చినప్పుడు మమ్మల్ని అలా చూసి ఏం పోయిందని అడిగింది. చెప్పాను. ఆవిడ మట్టిలోంచి ఒక గింజ తీసి, నలిపి, వాసన చూసింది.

"అరె, ఆ తో శేకేలా ఛే!" అని నోటి మీద చెయ్యి వేసుకుంది.

వేయించిన ధనియాలు. పొడి కొట్టుకోవడానికి దుకాణంవాడు దోరగా వేయించి అమ్మేవి. మేం వాటికి పది రోజులు నీళ్లు పోశాం. కాకా ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. మాసీ వెళుతూ వెళుతూ పచ్చి ధనియాలు తెమ్మని, చెక్కలుగా నలిపి విత్తమని చెయ్యి ఆడించి చూపించింది. మెట్ల మీద ఆవిడ నవ్వు కింది గది దాకా వినబడుతూనే ఉంది.

సరిగ్గా ఆ సమయంలోనే నా భార్య వీడియో కాల్ చేసి, తోట ఎంతవరకు వచ్చిందో చూపించమంది. "సాయంత్రం చూపిస్త, ఇప్పుడు లైటింగ్ లేదు" అని ఫోన్ పెట్టేశాను. ఏం చెయ్యాలో తోచక బండి దగ్గర కూరగాయలు కొంటుంటే, బండివాడు అలవాటు కొద్దీ పచ్చిమిరపకాయలతో పాటు ఒక కొత్తిమీర కట్ట సంచిలో వేశాడు. గదికి తెచ్చి గట్టు మీద పెట్టి స్నానానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి కట్ట అక్కడ లేదు. నూనె డబ్బాలో నిటారుగా నిలబడి ఉంది. దోస్తు పక్కనే నిలబడి చేతులు దులుపుకుంటున్నాడు.

"ఫోన్ల మస్తు కనవడ్తది" అన్నాడు.

నాకు కోపం తొందర. తిట్టడానికి నోరు తెరిచాను. ఇంతలో ఫోన్ మోగింది. వాడే ఎత్తి, కెమెరా తిప్పి కిటికీకేసి పట్టాడు. "సూడు చెల్లె, ఎట్లున్నది తోట!"

ఆమె చాలాసేపు చూసింది. ఫోన్ దగ్గరికి పెట్టుకుని మరీ చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది.

"అన్నా, మీ సూరత్‌ల కొత్తిమీర కట్ట కట్టుకోనే మొలుస్తదా?"

అప్పుడు చూశాను. కాడల మొదట్లో కట్టిన దారం మట్టి పైకి కనిపిస్తోంది. దోస్తు ఫోన్ నా చేతిలో పెట్టి నైట్ డ్యూటీకి వెళ్లిపోయాడు, ఇంకా గంట టైముండగానే. నేనేదో చెప్పబోయాను. "తియ్యి, మాట్లాడకు" అని పెట్టేసింది. ఆ గొంతులో కోపముందో నవ్వుందో నాకు తెలియలేదు. ఇంక ఆమె ఏం వస్తుందిలే అనుకున్నాను. రెండు రోజులు మనసు మనసులో లేదు. మగ్గం మీద పోగు తెగినా చూసుకోలేదని మాస్టర్ తిట్టాడు.

అయినా వదల్లేదు. మాసీ చెప్పినట్టు పచ్చి ధనియాలు నలిపి విత్తాం. ఈసారి మొలకలు వచ్చాయి. పుదీనా కాడలు కూడా గుచ్చాం. అందరం పండగ చేసుకున్నాం. నాలుగు రోజుల్లో పుదీనా మొత్తం, కొత్తిమీరలో సగం కుళ్లిపోయాయి.

కారణం తెలుసుకోవడానికి సమయం పట్టింది. మగ్గాల దగ్గర మాకొక అలవాటుంది. డ్యూటీ దిగేవాడు మిషన్‌కు నూనె వేసి అప్పజెబుతాడు. ఎక్కేవాడు ఆ మాట నమ్మడు, తన చేత్తో మళ్లీ వేసుకుంటేనే వాడికి తృప్తి. నా గది తాళం చెవి ఇద్దరు ముగ్గురి దగ్గర ఉండేది. పొద్దున డ్యూటీకి వెళ్లేవాళ్లు నీళ్లు పోసి వెళ్లేవాళ్లు. నైట్ నుంచి వచ్చినవాళ్లు, పోశారో లేదో అని మళ్లీ పోసేవాళ్లు. సాయంత్రం దిగేవాళ్లొకసారి, ఎక్కేవాళ్లొకసారి. మధ్యలో కాకా, ఎవరినీ నమ్మలేక, ఒక చెంబు. మాసీ కింది గదిలో మంచం మీద ఆరబెట్టుకున్న పాపడ్ల మీద పైకప్పులోంచి బురద నీళ్లు కారాకే ఈ సంగతి బయటపడింది.

"ఊపర్ ధాన్ కీ ఖేతీ కర్తే హో క్యా?" అని అరిచింది మాసీ. పైన వరి నాటుతున్నారా అని. ఆవిడ కోపం పోగొట్టడానికి మార్కెట్ నుంచి పాపడ్లు కొనిచ్చి, ఆ సాయంత్రం అందరం వరుసగా నిలబడి చివాట్లు తిన్నాం. తాళం చెవులన్నీ వెనక్కు తీసుకున్నాను.

బతికిన మొలకలు బాగానే పెరిగాయి, కాకపోతే పొడుగ్గా, సన్నగా, వెలుతురు కోసం కిటికీ వైపు మెడలు చాచి. ఆకులు చిన్నవి, కాడలు మాత్రం ఇంత పొడవు. ఒక ఆదివారం పొద్దున చూస్తే అన్నీ ఒక పక్కకు ఒరిగి పడుకున్నాయి. ఆమె రావడానికి ఇంక మూడు రోజులే ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంక ఆమె ఉండదని ఖాయం చేసేసుకున్నాను.

కాకా వచ్చి చూశాడు. వంగి, కళ్లు చికిలించి, ఒక మొలకను వేలితో లేపాడు. వదిలితే మళ్లీ పడింది.

"పోగు వాలింది" అన్నాడు.

మగ్గం పని చేసినవాళ్లకు చేతుల్లో ఒక రోగం ఉంటుంది. వాలిన పోగు కనిపిస్తే వేళ్లు ఊరుకోవు. అది దారమా, వెంట్రుకా, మొక్కా అని ఆలోచించే పని వేళ్లకు ఉండదు. కాకా జేబులోంచి గులాబీ రంగు పాలిస్టర్ దారం తీశాడు. ఆయన జేబులో అది ఎప్పుడూ ఉంటుంది. మొలక నడుముకు ఒక ముడి వేసి, రెండో కొస గ్రిల్లుకు కట్టాడు. మొలక నిటారుగా నిలబడింది. మా అందరికీ ప్రాణం లేచి వచ్చింది.

అంతే, అందరం కూర్చున్నాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఒకడు దారం తుంచి ఇస్తున్నాడు, ఒకడు ముడి వేస్తున్నాడు, ఒకడు గ్రిల్లుకు కడుతున్నాడు. గులాబీ దారం అయిపోతే దోస్తు మెరిసే ఆకుపచ్చది తెచ్చాడు. మధ్యాహ్నానికి కిటికీ నిండా కింద నుంచి పైకి పోగులే పోగులు, ఒక్కో పోగు కొసన ఒక్కో కొత్తిమీర మొలక. కాకా దూరం నుంచి చూసి, నాలుగు చోట్ల సడలిందన్నాడు. పడుగులో నిలువు పోగు సడలితే బట్ట పాడవుతుందని బిగించి కట్టాడు. ఆయన బిగింపుకు రెండు మొలకలు మట్టి వదిలేసి గాల్లో వేలాడాయి. వాటిని ఏం చెయ్యాలో తెలియక అలాగే వదిలేశాం.

ఆ రోజు మాకది ఎంత చక్కగా కనిపించిందో చెప్పలేను. ఒక్కడికైనా ఇది మొక్క కదా, మనం చేస్తున్నది ఏమిటి అన్న ఆలోచన రాలేదు.

ఆమె వచ్చింది. స్టేషన్ నుంచి ఆటోలో వస్తుంటే నా కళ్లు ఆమె సంచి మీదే ఉన్నాయి. చిన్న సంచి. రెండు చీరలు పట్టేంత. బామ్మర్ది దారి పొడుగునా పొగ గొట్టాలను లెక్కపెడుతూ, ప్రతి దానికీ నిట్టూరుస్తూ వచ్చాడు. గది ముందు అందరూ తలలు దువ్వుకుని నిలబడి ఉన్నారు. కాకా తెల్ల చొక్కా వేసుకున్నాడు. నైట్ డ్యూటీ చేసొచ్చిన దోస్తు నిద్రపోకుండా కాచుకుని ఉన్నాడు.

ఆమె చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. సంచి దించలేదు. కిటికీ ముందు ఆగిపోయింది.

"ఇదేంది?" అంది.

"కొత్తిమీర" అన్నాను.

"మరి గీ దారాలేంది?"

కాకా ముందుకొచ్చాడు. "వాలుతున్నయని కట్టినం బిడ్డా. ఇగ తెగయి. నేను ముడేస్తె తెగదు."

ఆమె ఒక దారాన్ని వేలితో మీటింది. గాల్లో వేలాడుతున్న రెండు మొలకలను చూసింది. మళ్లీ కాకాను చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని నేను భయపడ్డాను. తర్వాత గోడ పట్టుకుని కింద కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగుతుంది, కిటికీ చూస్తుంది, మళ్లీ మొదలవుతుంది. మా ఆరుగురికీ నవ్వాలో ఊరుకోవాలో తెలియలేదు.

బామ్మర్దికి మాత్రం నవ్వు రాలేదు. "అక్కా, గిదేనా తోట? ఎనిమిది రోజులు గిండ్ల ఎట్లుంటవ్? రేపే పోదామంటె టికెట్ మారుస్త" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అతణ్ణి ఏమీ అనలేక కాకా మీద విరుచుకుపడ్డాను, ఎందుకు కట్టావని. కాకా బిక్కమొహం వేశాడు. ఆమె లేచి, "మామనేం అనకు" అని నన్ను కసిరి, పొయ్యి వెలిగించింది.

నూనె పోసింది. ఆవాలు వేసింది. అవి చిటపటమన్నాయి. మేమంతా మూకుడు వైపే చూస్తున్నాం. ఆమె తాపీగా సంచిలోంచి బీడీ ఆకు కోసే కత్తెర తీసింది. నాలుగడుగులు వేసి కిటికీ దగ్గరికి వెళ్లింది. ఏ కాడ మంచిదో చూసి, నిదానంగా కత్తిరించి, అలాగే నడిచి వచ్చి తాలింపులో వేసింది. మాడలేదు.

పప్పు ఎంత బాగుందో చెబితే నమ్మరు. కొత్తిమీర వాసన అందులో ఉందో లేదో దేవుడికే తెలియాలి, అంత తక్కువ వేసింది. అయినా అందరం వాసన వస్తోందని ప్రమాణం చేశాం. బామ్మర్ది నములుతూ నములుతూ ఆగి, నోట్లోంచి ఒక గులాబీ దారం బయటికి లాగాడు. లాగుతూనే ఉన్నాడు. కాకా దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు.

"ముడి మటుకు ఊడలె సూడు" అన్నాడు.

భోజనాలయ్యాక బామ్మర్ది చాప మీద నిద్రపోయాడు. ఆమె కత్తెరతో దారాలన్నీ తెంపి, మొలకలను చిన్నగా కత్తిరించి, డబ్బాలను కిటికీ అంచుకు జరిపింది. తర్వాత మూలనున్న కుండను చూపించి, అందులో ఏముందని అడిగింది. దోస్తు డుమస్ నల్లరేగడి గురించి మొదలుపెట్టబోయాడు. వినకుండానే ఇసుక పారబోయించింది, కుండ కడిగించింది, మంచి మట్టి నింపించింది. ఆపైన నేల మీద కూర్చుని కొంగు కొసన ఉన్న ముడి విప్పింది. అందులో చిన్న చిన్న నల్లటి గింజలు.

"ఏందవి?" అన్నాను.

"పుంటికూర." మీరు గోంగూర అంటారే, అదే.

నేను మనసులో లెక్క వేసుకున్నాను. "పుంటికూర చేతికి రావాలంటె నెల దాటుతది. నీ టికెట్ ఎనిమిది రోజులకే గదా."

ఆమె వేలితో మట్టిలో గుంతలు పెడుతూ, తల ఎత్తకుండానే చెప్పింది. "టికెట్ మా తమ్ముడు తీసిండు. గింజలు నేను కట్టుకున్న."

"ఎప్పుడు కట్టుకున్నవ్?"

"నువ్వు ఫోన్ల కట్ట కొత్తిమీర సూపెట్టిన దినం" అంది. "ఫోన్ పెట్టేసి మస్తు నవ్విన. నవ్వి నవ్వి ఏడుపొచ్చింది. నా కోసం గింత ఆగమయ్యేటోడు ఇంకెవడుంటడు అనుకున్న. అప్పుడే కట్టుకున్న."

నాకు ఆ క్షణంలో ఎంత సంతోషం వేసిందంటే, నిద్రపోతున్న బామ్మర్దిని కూడా ముద్దు పెట్టుకోగలను. కళ్లలో నీళ్లు తిరిగాయి. అందరూ చూస్తున్నారని పొయ్యి వైపు తిరిగి, ఆరిన పొయ్యినే మళ్లీ ఆర్పాను.

గుమ్మంలో నుంచి దోస్తు గొంతు వినిపించింది. "అంటె చెల్లె, ఆ తర్వాత మేం పోసిన నీళ్లన్నీ ఊకెనేనా?"

"ఊకెనే ఎట్లరా? ఆ కట్ట గుచ్చింది నువ్వే గదా" అన్నాడు కాకా.

దోస్తు ఛాతీ ఉబ్బింది. ఈనాటికీ ఆదివారం మా ఇంట్లో ఆ లెక్కన ఒక గరిటె కూర ఎక్కువ వేయించుకుంటాడు. ఆ సంతోషంలో వెంటనే చెంబుతో నీళ్లు తెచ్చి పుంటికూర గింజలకు పోశాడు. వాడు పోసి వెనక్కి తిరిగేసరికి కాకా ఇంకో చెంబు నింపుకుని వస్తున్నాడు. నా భార్య రెండు చెంబులూ లాక్కుని సామాన్ల చెక్క మీద, ఎవరికీ అందనంత ఎత్తులో పెట్టింది.

ఎనిమిది రోజుల తర్వాత తిరుగు రైలుకు బామ్మర్ది ఒక్కడే వెళ్లాడు. అక్క సీటు మీద సంచి పెట్టుకుని, కాళ్లు చాపుకుని ఊరి దాకా పడుకునే పోయాడట.